డిశ్చార్జి చీటీ దగ్గర ఆగిపోతున్న వైద్యం

నోటి క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకుని ఇంటికి చేరిన రోగి పది పదిహేను రోజులు తిరగకముందే మళ్లీ ఆసుపత్రి పాలు కావడం దేశంలోని క్యాన్సర్ వైద్యులందరికీ సుపరిచితమైన విషయం. మెడ మీది గాయం విడిపోయి కొందరు, ముక్కుగొట్టం ఊడిపోయి ఆహారం లేక నీరసించి కొందరు, పొలమారిన జావ ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియాతో మరికొందరు తిరిగివస్తారు. రోగి గాని, వైద్యుడు గాని ముందుగా అనుకున్న రాక కాదిది. ఎన్ని ఆపరేషన్లు చేశామో ఏటా శ్రద్ధగా ప్రకటించుకునే మన ఆరోగ్య వ్యవస్థ ఈ తిరుగు ప్రయాణాల గురించి మాత్రం పెదవి విప్పదు. ఆపరేషన్ వల్ల దక్కిన ప్రాణం ఈ పదిహేను రోజుల్లోనే చేజారే ప్రమాదం ఉన్నదన్న సంగతి విధాన నిర్ణేతల దృష్టికి ఇంకా పూర్తిగా రాలేదు.

సమస్య పరిమాణం చిన్నదేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనాల ప్రకారం 2022లో భారతదేశంలో కొత్తగా పెదవి, నోటి క్యాన్సర్ బారిన పడినవారు సుమారు 1 లక్షా 43 వేల మంది. మరణించినవారు దాదాపు 80 వేల మంది. ప్రపంచం మొత్తం మీద ఆ ఏడాది ఈ తరహా కేసులు 3 లక్షల 89 వేలు కాగా, అందులో మూడో వంతుకు మించి ఒక్క మన దేశానివే. భారతీయ పురుషులకు వచ్చే క్యాన్సర్లలో మొదటి స్థానం దీనిదే. కారణాల కోసం దూరం పోనక్కరలేదు. 2016-17లో కేంద్ర ప్రభుత్వం జరిపించిన పొగాకు వినియోగ సర్వేలో దేశంలోని వయోజనుల్లో 21.4 శాతం మంది ఖైనీ, గుట్కా, జర్దా వంటి పొగలేని పొగాకు వాడుతున్నట్లు తేలింది. దానికి వక్క తోడైంది. శ్రీకాకుళం, విశాఖ తీరంలోని పల్లెల్లో స్త్రీలు నిప్పువైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు, దానివల్ల అంగిలికి వచ్చే క్యాన్సర్ ప్రపంచ వైద్యగ్రంథాలకు ఎక్కి దశాబ్దాలు గడిచిపోయాయి. రోగుల్లో అధిక భాగం వ్యాధి మూడో దశకో నాలుగో దశకో చేరిన తరువాతనే పెద్ద ఆసుపత్రి గుమ్మం ఎక్కుతున్నారన్నది అందరికీ తెలిసిన కఠోర వాస్తవం. ఆ దశలో జరిగే ఆపరేషన్ పెద్దదిగా ఉంటుంది. ఆపరేషన్ ఎంత పెద్దదైతే ఇంటికి వెళ్లాక ఇబ్బంది తలెత్తే అవకాశం అంత ఎక్కువ.

ఆ ఆపరేషన్ స్వరూపం తెలిస్తే తప్ప ఈ తిరుగు ప్రయాణాలు ఎందుకు జరుగుతున్నాయో బోధపడదు. దవడ ఎముకలో కొంత భాగాన్ని, బుగ్గనో నాలుకలో సగాన్నో తీసివేస్తారు. అదే సమయంలో మెడలోని లింఫు గ్రంథులను తొలగిస్తారు. ఏర్పడిన ఖాళీని ఛాతీ కండరంతోనో, ముంజేతి చర్మంతోనో, కాలి నుంచి తెచ్చిన ఎముకతోనో పూడుస్తారు. ఎనిమిది, పది గంటలు పట్టే ఆపరేషన్లు అరుదు కాదు. రొమ్ములోని గడ్డను తీసివేస్తే ఆ గాయం శుభ్రమైన చోట పొడిగా మానుతుంది. నోరు అలాంటి చోటు కాదు. రాత్రింబవళ్లు లాలాజలం ఊరుతూ, లెక్కకు మిక్కిలి సూక్ష్మజీవులు నివసించే తడినేలలో ఈ అతుకు అంటుకోవలసి ఉంటుంది. ఒక్క కుట్టు వదులైనా నోటిలోని ఉమ్మి లోలోపల దారి చేసుకుని మెడ చర్మం గుండా బయటికి వస్తుంది. వైద్యులు ఫిస్టులా అని పిలిచే ఈ రంధ్రం చాలా సందర్భాల్లో బయటపడేది ఆపరేషన్ జరిగిన తరువాతి వారం, రెండో వారం మధ్య. సరిగ్గా రోగిని ఇంటికి పంపించే రోజులవి.

ఇంటికి వెళ్లే రోగి ఒంటరిగా వెళ్లడు. ముక్కులో ఒక గొట్టం ఉంటుంది. చాలాకాలంగా మన ఆసుపత్రుల్లో రైల్స్ ట్యూబు అని పిలుచుకునే ఆ గొట్టం గుండానే రెండు మూడు గంటలకోసారి పాలు, జావ, పప్పునీళ్లు, గుడ్డు కలిపిన ద్రవం సిరంజితో పోయాలి. పోసేటప్పుడు, పోసిన తరువాత కనీసం అరగంట పాటు రోగి తల ఎత్తుగా ఉండాలి. లేకుంటే ఆహారం ఎదురు తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కొందరికి గొంతులో శ్వాస కోసం పెట్టిన గొట్టం కూడా అలాగే ఉంటుంది. అందులో కఫం గడ్డకట్టకుండా చూడాలి. రోజుకు పలుమార్లు నోరు కడగాలి. మెడ, ఛాతీ మీది గాయాలకు కట్టు మార్చాలి. ఆసుపత్రిలో శిక్షణ పొందిన నర్సులు మూడు వంతులుగా పంచుకుని చేసిన ఈ పనులన్నీ మరుసటి రోజు నుంచి ఒక్క భార్య మీదనో, కూతురి మీదనో పడతాయి. ఆమె చేతిలో ఉన్నది ఇంగ్లీషులో రాసిన డిశ్చార్జి చీటీ. వార్డులోని హడావిడిలో ఒకటి రెండుసార్లు చూపించిన పద్ధతి ఎంత గుర్తుంటే అంత. ఇక్కడ మరో చిక్కు కూడా ఉన్నది. ఇబ్బంది వస్తే ఫోను చేయమని ఆసుపత్రులు నంబరు ఇస్తాయి. నాలుక పోగొట్టుకున్న రోగి ఫోనులో తన బాధ తాను చెప్పుకోలేడు. వాసన వస్తున్న గాయాన్ని, పలచబడిన చీమును మాటల్లో వర్ణించడం ఇంటివారికీ సులభం కాదు.

ఇందులో ఆసుపత్రులను ఆడిపోసుకోవడం న్యాయం కాదు. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లో ఆపరేషన్ తేదీ కోసం వారాల తరబడి ఎదురుచూస్తున్న వారి వరుస ఎప్పుడూ ఉంటుంది. ఒక మంచం ఖాళీ అయితే తప్ప ఇంకొకరి గడ్డ మీద కత్తి పడదు. గడ్డేమో ఎవరి కోసమూ ఆగదు. కాబట్టి కోలుకుంటున్న రోగిని ఇంటికి పంపి, కోలుకోవలసిన రోగిని చేర్చుకోవడం వైద్యుడి కోణంలో ధర్మమే. లోపమల్లా ఆ మంచానికీ, రోగి ఇంటికీ నడుమ మరొక మెట్టు లేకపోవడంలో ఉన్నది.

మళ్లీ ఆసుపత్రిలో చేరినంత మాత్రాన కొంపేమీ మునిగిపోదు కదా, నాలుగు రోజులుండి నయం చేసుకుని వెళతారు కదా అని అనిపించవచ్చు. అసలు నష్టం ఆ నాలుగు రోజుల్లో లేదు. వ్యాధి ముదిరిన రోగులకు ఆపరేషన్ తరువాత రేడియేషన్ చికిత్స తప్పనిసరి. ఆపరేషన్ జరిగిన 6 వారాల్లోపే అది మొదలు కావాలన్నది అంతర్జాతీయంగా అంగీకరించిన నియమం. మొదలైన తరువాత వారానికి 5 రోజుల చొప్పున మరో 6 వారాలపాటు సాగుతుంది. కంటికి కనిపించకుండా మిగిలిపోయిన క్యాన్సర్ కణాలను చంపడానికి ఉన్న వ్యవధి అంతే. గాయం మానకుండా, చీము పడుతున్న మెడ మీద రేడియేషన్ ఇవ్వలేరు. ఫిస్టులా మానడానికి మూడు వారాలు పడితే ఆ మూడు వారాలూ ఈ ఖాతాలోనే ఖర్చవుతాయి. ఆలస్యం పెరిగే కొద్దీ వ్యాధి తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది, బతికే అవకాశం తగ్గుతుంది. ఇంట్లో ఊడిపోయిన ఒక గొట్టం, సమయానికి మార్చని ఒక కట్టు, పది గంటలు శ్రమించి చేసిన ఆపరేషన్ ఫలితాన్ని ఈ విధంగా కాజేయగలవు.

శస్త్రచికిత్స నైపుణ్యంలో భారతదేశం ఎవరికీ తీసిపోదు. 1941లో ముంబైలో ప్రారంభమైన టాటా మెమోరియల్ ఆసుపత్రి నోటి క్యాన్సర్ విషయంలో ప్రపంచానికి పాఠం చెప్పిన సంస్థ. తొలిదశ నోటి క్యాన్సర్‌లో మెడ గ్రంథులకు వ్యాధి పాకినట్లు కనిపించకపోయినా వాటిని ముందే తొలగించడం మంచిదా, పాకినప్పుడు చూసుకోవడం మంచిదా అన్న వివాదం అర్ధశతాబ్దం పాటు నడిచింది. 2015లో అక్కడి వైద్యులు 500 మంది రోగుల ఫలితాలను ప్రచురించి దానికి ముగింపు పలికారు. ముందే తొలగించిన వారిలో మూడేళ్ల తరువాత 80 శాతం మంది జీవించి ఉండగా, రెండో వర్గంలో 67.5 శాతం మందే మిగిలారు. అనేక దేశాలు తమ వైద్య పద్ధతిని దీని ఆధారంగా సవరించుకున్నాయి. ఆపరేషన్ గదిలో ఏమి చేయాలన్న ప్రశ్నకు ఇంత కచ్చితమైన జవాబు సంపాదించగలిగిన దేశం, ఆపరేషన్ గది దాటిన తరువాత ఏమి జరుగుతున్నదన్న ప్రశ్నను అదే పట్టుదలతో వేసుకోకపోవడం వింతగానే ఉంటుంది.

దేశంలో క్యాన్సర్ లెక్కలు రాయడం 1981లో భారత వైద్య పరిశోధన మండలి జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమంతో మొదలైంది. అది ప్రధానంగా కొత్త కేసులను, మరణాలను నమోదు చేస్తుంది. ఆపరేషన్ తరువాత తిరిగివచ్చినవారు దాని పద్దులోకి రారు. ఆసుపత్రుల నాణ్యతకు ముద్ర వేసే ఎన్‌ఏబీహెచ్ ప్రమాణాల్లో 72 గంటల్లోపు అదే ఇబ్బందితో అత్యవసర విభాగానికి తిరిగివచ్చినవారి లెక్క ఉన్నది. నోటి క్యాన్సర్ రోగికి గండం ఎక్కువగా రెండో వారంలో పొంచి ఉంటుంది కాబట్టి ఆ కొలబద్ద ఇక్కడ అక్కరకు రాదు. అమెరికాలో తల, మెడ క్యాన్సర్ల ఆపరేషన్ల తరువాత 30 రోజుల లెక్క తీస్తారు. అక్కడి వివిధ అధ్యయనాల్లో సుమారు పది నుంచి పదిహేను శాతం మంది ఆ గడువులో మళ్లీ చేరినట్లు వెల్లడయింది. పౌష్టికాహారానికి, రవాణాకు కొదవలేని దేశంలోనే పరిస్థితి ఇదైతే, ఆపరేషన్ నాటికే నోరు తెరుచుకోక నెలల తరబడి అర్ధాకలితో ఉన్న మన రోగుల సంగతి ఊహించడం కష్టం కాదు. రక్తహీనత, పోషకాహార లోపం, మధుమేహం, మానని పొగాకు అలవాటు ఉన్నవారికి గాయం త్వరగా మానదన్నది వైద్యశాస్త్రంలో పాఠాల మొదటి పేజీలోని విషయం.

దూరం ఈ సమస్యను మరింత జటిలం చేస్తున్నది. బీహార్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, ఈశాన్య రాష్ట్రాల నుంచి ముంబైకి చేరిన రోగులు పరేల్ ఫుట్‌పాత్‌ల మీద పడిగాపులు పడే దృశ్యం ఆ నగరానికి పాతబడిపోయింది. దాదర్‌లోని గాడ్గే మహారాజ్ ధర్మశాల వంటి చోట్ల తలదాచుకోగలిగినవారు అదృష్టవంతులు. మిగిలినవారు డిశ్చార్జి అయిన మర్నాడే రైలెక్కుతారు. ఆసుపత్రి ధ్రువపత్రం చూపితే క్యాన్సర్ రోగికి రైల్వే టిక్కెట్టులో రాయితీ ఉన్నది, నిజమే. అర్ధరాత్రి మెడ నుంచి రక్తం కారడం మొదలైతే ఒకటిన్నర రోజు ప్రయాణానికి రాయితీ ఏ విధంగా ఉపకరిస్తుంది? దగ్గరలోని జిల్లా ఆసుపత్రికి పరుగెత్తితే, ఎక్కడో ఎవరో చేసిన పెద్ద ఆపరేషన్ జోలికి వెళ్లడానికి అక్కడి వైద్యుడు జంకుతాడు. చేయించుకున్న చోటికే తీసుకుపొమ్మంటాడు. అతని భయం అర్థం చేసుకోదగినదే. ఆ రోగికి వాడిన అతుకు ఏమిటో, ఏ రక్తనాళం ఎక్కడ ఉన్నదో చెప్పేవారు అతనికి అందుబాటులో లేరు. చివరకు ఊళ్లోని ఆర్‌ఎంపీ ఇచ్చే ఇంజక్షన్ మీద భారం వేసి కుటుంబం రోజులు వెళ్లదీస్తుంది. తెలుగునాట హైదరాబాదులోని ఎం.ఎన్.జె. సంస్థకు ఆదిలాబాద్ అడవుల నుంచి వచ్చే రోగికైనా దూరం తక్కువేమీ కాదు.

ఖర్చు సంగతి వేరే చెప్పనక్కరలేదు. 2017-18 నాటి జాతీయ శాంపుల్ సర్వేలో క్యాన్సర్ రోగి ఒకసారి ఆసుపత్రిలో చేరితే సగటున 61 వేల రూపాయలకు పైగా ఖర్చవుతున్నట్లు లెక్క తేలింది. 2018 సెప్టెంబరులో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పథకం కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు వైద్యానికి భరోసా ఇచ్చి ఈ బరువును చాలామందికి తగ్గించింది. ఈ విషయంలో దానికి ఇవ్వవలసిన ఘనత ఇవ్వాలి. అంతకు పదకొండేళ్ల ముందే, 2007లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీ ద్వారా ఈ బాట వేసింది. అయితే ఈ పథకాలన్నింటి మూలసూత్రం ప్యాకేజీ. ఒక ఆపరేషన్‌కు ఒక ధర. ఆయుష్మాన్ భారత్‌లో డిశ్చార్జి తరువాత 15 రోజుల మందులు, పరీక్షలు కూడా అందులోనే కలిసి ఉన్నాయి. కాగితం మీద ఇది మంచి ఏర్పాటే. ఆచరణలో ఆ 15 రోజులు రోగి ఉండేది ఆసుపత్రికి వందల మైళ్ల దూరంలో. కట్టు మార్చే నర్సుకు, జావలో కలిపే గుడ్డుకు, పాలకు, రోగి పక్కన కూర్చుని కూలి పోగొట్టుకున్న మనిషికి ఆ ప్యాకేజీలో చోటు లేదు. ఆపరేషన్ తరువాత కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు గరిష్ఠంగా 5 వేల రూపాయల జీవన భృతి ఇచ్చే పథకాన్ని 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రారంభించడం ఈ లోటును గుర్తించిన అరుదైన సందర్భం. రాజకీయ పక్షాలతో నిమిత్తం లేకుండా ఆ ఆలోచన దేశవ్యాప్తం కావలసింది.

జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ 2022లో ఆసుపత్రుల పనితీరును ఫలితాల ఆధారంగా కొలుస్తామని ప్రకటిస్తూ, అందుకు ఎంచుకున్న ఐదు కొలమానాల్లో తిరిగి చేరేవారి నిష్పత్తిని కూడా చేర్చింది. స్వాగతించవలసిన నిర్ణయం. అయితే లెక్కపెట్టడం ఒక ఎత్తు, ఆ లెక్కతో ఏమి చేస్తారన్నది మరొక ఎత్తు. అమెరికా 2012 అక్టోబరు నుంచి గుండె జబ్బులు, న్యుమోనియా వంటి కొన్ని వ్యాధుల్లో రోగులు ఎక్కువగా తిరిగివచ్చే ఆసుపత్రులకు వృద్ధుల వైద్యబీమా చెల్లింపుల్లో కోత పెడుతున్నది. ఆ కోత 3 శాతం వరకు ఉండవచ్చు. తిరిగి చేరేవారి సంఖ్య తగ్గింది కూడా. చేర్చుకోవలసిన రోగులను సైతం చేర్చుకోకపోవడం వల్లనే కొంత తగ్గిందన్న విమర్శ, గుండె బలహీనత రోగుల్లో మరణాలు పెరిగాయన్న వాదన ఆ వెంటనే వచ్చాయి. ఇదే పద్ధతిని నోటి క్యాన్సర్‌కు గుడ్డిగా దిగుమతి చేసుకుంటే ముందుగా శిక్షకు గురయ్యేది ముదిరిన కేసులను, ఇతరులు కాదన్న కేసులను చేర్చుకునే ప్రభుత్వ ఆసుపత్రులే. తేలిక కేసులు ఏరుకునేవారికి బహుమతులు దక్కుతాయి. తిరిగివచ్చిన రోగిని గుమ్మంలోనే వెనక్కి పంపే ప్రలోభం కూడా పుడుతుంది. కనుక ఈ లెక్క వ్యాధి దశను, ఆపరేషన్ పరిమాణాన్ని పరిగణనలోకి తీసుకోవాలి. రోగి ఏ ఆసుపత్రిలో తిరిగి చేరినా అసలు ఆపరేషన్ జరిగిన చోటు పద్దులోనే అది కనిపించాలి. డిజిటల్ ఆరోగ్య ఖాతాల కార్యక్రమం 2021 నుంచి దేశమంతటా అమలులో ఉన్నందున ఇది అసాధ్యమేమీ కాదు. కొన్నేళ్ల పాటు ఆ అంకెను జరిమానాకు వాడకుండా, లోపం ఎక్కడున్నదో తెలుసుకోవడానికి మాత్రమే వాడటం వివేకం.

గుట్కాను అరికడితే ఈ గొడవే ఉండదు కదా అనేవారున్నారు. 2012లో మధ్యప్రదేశ్‌తో మొదలై దాదాపు రాష్ట్రాలన్నీ వరుసగా గుట్కాను నిషేధించాయి. నిషేధం తరువాత పాన్‌మసాలా ఒక పొట్లంలో, పొగాకు ఇంకొక పొట్లంలో జంటగా వేలాడుతున్న దుకాణాలు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తాయి. నోటిని కంటితో చూసి పరీక్షించడం ద్వారా పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలను మూడో వంతు తగ్గించవచ్చునని తిరువనంతపురంలో జరిగిన పరిశోధన 2005లోనే రుజువు చేసింది. ఆ పరీక్షను ప్రతి పల్లెకూ తీసుకుపోవడం తప్పక జరగవలసిన పని. ఈ పనులేవీ ఇప్పటికే దవడ పోగొట్టుకుని, ముక్కుగొట్టంతో రైలు పెట్టెలో కూర్చున్న మనిషికి ఉపయోగపడవు.

అతనికి కావలసినవి పెద్ద వస్తువులు కావు. ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు గొట్టం ద్వారానైనా సరే బలమైన ఆహారం. ఇంటికి పంపించే ముందు, తోడున్న మనిషి చేత నర్సు ఎదుటే నాలుగైదుసార్లు ఆహారం పోయించి, కట్టు మార్పించి చూడటం. ఆ మనిషి చదవగలిగే భాషలో, చదువు రాకపోతే బొమ్మలతో, ఏ లక్షణం కనిపిస్తే ఎక్కడికి వెళ్లాలో తెలిపే ఒక కాగితం. మూడో రోజున, ఏడో రోజున ఆసుపత్రి నుంచే ఒక ఫోను, గాయం ఫొటో పంపడానికి ఒక నంబరు. చేతిలో స్మార్ట్‌ఫోను లేని ఇంటికి ఆశా కార్యకర్త వెళ్లి ఆ ఫొటో తీయవచ్చు. దేశంలోని క్యాన్సర్ ఆసుపత్రులను ఒక గొడుగు కిందికి తెచ్చిన జాతీయ క్యాన్సర్ గ్రిడ్‌లో నేడు 300కు పైగా సంస్థలున్నాయి. ముంబైలో ఆపరేషన్ చేసిన వైద్యుడు పాట్నాలోనో విశాఖలోనో ఉన్న సభ్య ఆసుపత్రికి రోగిని పేరుతో సహా అప్పగించడానికి ఇంతకన్నా అనువైన వేదిక లేదు.

అన్నింటికన్నా ముఖ్యమైన అవకాశం జిల్లా స్థాయిలో ఉన్నది. మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లోనూ క్యాన్సర్ డే కేర్ కేంద్రాలు నెలకొల్పుతామని, తొలి ఏడాదిలో 200 ప్రారంభిస్తామని 2025-26 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. వీటిని ప్రధానంగా కీమోథెరపీ మందు ఎక్కించే కుర్చీలుగానే అధికార యంత్రాంగం భావిస్తున్నది. ఆ కుర్చీల పక్క గదిలో తల, మెడ గాయాలకు కట్టు కట్టడంలో మూడు నెలల శిక్షణ పొందిన ఒక నర్సును, కఫం లాగే ఒక యంత్రాన్ని, తగినన్ని ముక్కుగొట్టాలను, కట్టు సామగ్రిని ఉంచి, ఆపరేషన్ చేసిన వైద్యుడితో వీడియోలో మాట్లాడే వీలు కల్పిస్తే తిరుగు ప్రయాణాల్లో గణనీయమైన భాగం జిల్లా కేంద్రం దాటవలసిన పని ఉండదు. ఆయుష్మాన్ భారత్ ప్యాకేజీలో ఇప్పటికే ఉన్న 15 రోజుల మొత్తాన్ని విడదీసి, 30 రోజులకు పొడిగించి, సేవ ఎక్కడ జరిగితే ఆ కేంద్రానికి చెల్లించాలి. ఈ కేంద్రాలకు సామగ్రి జాబితాలు, సిబ్బంది సంఖ్య ఖరారు చేసే అధికారులు ఒక్క పూట ఏదైనా క్యాన్సర్ ఆసుపత్రి బయటిరోగుల విభాగంలో కూర్చుని, మెడకు తువ్వాలు చుట్టుకుని వరుసలో నిలబడినవారు ఎక్కడి నుంచి, ఎన్ని గంటలు ప్రయాణించి, ఏ పని మీద వచ్చారో అడిగి చూస్తే ఆ జాబితాలో ఏమి చేర్చాలో తేలిపోతుంది.